ఇంగ్లీషు రాని పిల్లకు నలభై ఏడు మార్కులు

మీ పిల్లకి ఇంగ్లీషు రాదా? అయితే ఈ ఎమిరేట్స్‌లో మీ అంత అదృష్టవంతులు ఇంకొకరు లేరు. దిగులు మాని ముందు ఒక సులేమానీ చాయ్ తాగండి.

ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. ఇంగ్లీషు వచ్చిన పిల్ల వల్ల బడికి ఒరిగేదేముంది చెప్పండి? చేరిన రోజూ వచ్చు, ఏడాది ఆఖరునా వచ్చు. గ్రాఫు గీస్తే చాప పరిచినట్టు ఉంటుంది. దాన్ని చూసి ఏ ఇన్‌స్పెక్టరు మురిసిపోతారు? అదే ఇంగ్లీషు రాని పిల్లయితే సెప్టెంబరులో రెండు మార్కులు, ఫిబ్రవరిలో నలభై! గీత కొబ్బరిచెట్టు ఎక్కినట్టు పైకి పోతుంది. రంగుల్లో అచ్చు వేయించి రిసెప్షన్‌లో సోఫా పైన తగిలించుకోవచ్చు.

వెనకటి రోజుల్లో బడిని "మీ పిల్లలకి ఏం వచ్చు?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎంత ఎదిగారు?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. వేరే భాషలోంచి వచ్చి పడిన పిల్లల మేలు కోరి వేసిన ప్రశ్న. అంత మంచి ప్రశ్న అడిగితే, దానికి తగ్గ సమాధానం తయారు చేయకుండా బళ్లు ఊరుకుంటాయా?

కాబట్టి పాఠక మహాశయులారా, ఇంగ్లీషు రాని పిల్ల బడికి పాడిగేదె. అలాంటి గేదెను చేజేతులా వట్టిపోయేలా చేసిన ఒక తల్లి ఉంది. ఆవిడ చేసిన ఘోరం తెలుసుకుని మీరైనా జాగ్రత్త పడతారన్న సదుద్దేశంతోనే ఈ నాలుగు ముక్కలూ.

ఆవిడ పేరు వీరదుర్గ. ఊరు రాజోలు దగ్గర. భర్త సత్యప్రసాద్ అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో సూపర్‌వైజరు. పదకొండేళ్లు లేబర్ క్యాంపులో పై బెర్తు మీద పడుకుని, జీతం పెరిగి ఫ్యామిలీ వీసా వచ్చాక, భార్యనీ ఎనిమిదేళ్ల కూతురు దేవినీ తెచ్చుకున్నాడు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాను ఏడు వాటాలు చేశారు. అందులో ఒక వాటా వీళ్లది. ఆ వాటాలో మంచానికీ ఫ్రిజ్‌కీ మధ్య మిగిలిన జాగాలో మిషను వేసుకుని వీరదుర్గ చుట్టుపక్కల ఆడవాళ్లకి బ్లౌజులు కుడుతుంది.

దేవి ఊళ్లో చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అర్థం అడగకూడదు.

ఆ పిల్లని దగ్గర్లోని ఒక బడిలో వేశారు. బడి పేరు మనకి అనవసరం. చేరిన రెండో వారంలోనే ఇంటికి ఒక సర్క్యులర్ వచ్చింది. బేస్‌లైన్ టెస్టు అట. పిల్లలకి ఇంగ్లీషు ఎంత వచ్చో, అంతకన్నా ముఖ్యంగా ఎంత రాదో తెలుసుకునే పరీక్ష. రాని పిల్లలకి వేరే గది, వేరే టీచరు, వేరే పుస్తకాలు. "దయచేసి ఈ పరీక్షకు పిల్లల్ని సిద్ధం చేయవద్దు" అని కింద లావుపాటి అక్షరాల్లో ఉంది.

సత్యప్రసాద్ చదివి, తనకి అర్థమైనంత చెప్పాడు. "చదివించొద్దంటున్నారు."

"ఆయ్, అలాగే అంటారు," అంది వీరదుర్గ. "మనం చదివించకుండా ఊరుకుంటాం, మిగతావాళ్లు చదివించేసుకుంటారు. అంత అమాయకంగా కనబడుతున్నామేంటి?"

చదవొద్దన్న పరీక్ష లోకంలో ఉంటుందా? మార్కులు రాకపోతేనే మేలు జరిగే పరీక్ష మన వంశంలో ఎవరైనా రాశారా? ఏడు తరాలు వెనక్కి వెళ్లి అడిగినా లేదనే చెబుతారు. పరీక్ష అన్నాక పేపరు సంపాదించాలి, బట్టీ పట్టాలి, ఫస్టు రావాలి. వీరదుర్గ తప్పు ఏమీ లేదు. రక్తంలో ఉన్నదే చేసింది.

పక్క వాటా ఆవిడ కొడుకు కిందటేడు అదే పరీక్ష రాశాడు. వాడి పుస్తకాల అట్టపెట్టె అడుగున పేపరు దొరికింది. ఆ పేపరును తీసుకుని వీరదుర్గ కింద ఉన్న బకాలా అనే కిరాణా కొట్టుకి వెళ్లింది. కొట్లో కూర్చునే రమీజ్‌ది రాయచోటి. బీకాం చదివాడు. ఆ విల్లాలో ఉన్న ఏడు కుటుంబాలకీ వీసా కాగితాలు, ఆస్పత్రి కాగితాలు, కరెంటు బిల్లుల గొడవలు అన్నీ అతనే చదివి పెడతాడు. ఖుబ్బూస్ రొట్టెల ప్యాకెట్లు అమ్ముతూ, మధ్యమధ్యలో టిక్కులు పెడుతూ, అరగంటలో యాభై ప్రశ్నలకీ జవాబులు రాసిచ్చాడు. యాభయ్యో ప్రశ్న వ్యాసం, అదీ రాశాడు. "నా ప్రాణస్నేహితురాలు" అన్నది విషయం. ఆమె పేరు సారా. ఆమెకి ఈత ఇష్టం. ఆమె దగ్గర గోధుమరంగు కుక్క ఉంది.

పదకొండు రోజులు దేవి ఆ కాగితాన్ని నమిలేసింది. అన్నం తింటూ "ఒకటి సీ, రెండు ఏ, మూడు ఏ, నాలుగు డీ" అనేది. జడ వేయించుకుంటూ సారా కుక్క గురించి చెప్పేది. మిషను తొక్కుతూ వీరదుర్గ అప్పజెప్పించుకునేది. తల్లికీ అర్థం తెలియదు, పిల్లకీ తెలియదు. కానీ ఎక్కడైనా ఒక్క ముక్క జారితే తల్లి మిషను టక్కున ఆగిపోయేది.

పరీక్ష రోజున తలంటు పోసి, పెరుగూ పంచదారా తినిపించి, మూడు పెన్సిళ్లు చెక్కి బస్సెక్కించింది.

పేపరు మారలేదు. నాలుగేళ్లుగా అదే పేపరు. బడివాళ్లకి మాత్రం ఎన్ని పనులు! ఈసారి ఎవరో ఉత్సాహవంతులు మూడు ప్రశ్నలు మార్చారు. ఆ మూడూ పోయాయి. దేవికి యాభైకి నలభై ఏడు వచ్చాయి.

ఇంట్లో పండగే పండగ. వీరదుర్గ సున్నుండలు చుట్టింది. రమీజ్‌కి ఒక డబ్బా, పక్క వాటా ఆవిడకి ఒక డబ్బా. సత్యప్రసాద్ గ్యారేజీకి పట్టుకెళ్లి అక్కడ ముదీర్ అని పిలిచే మేనేజరు చేతిలో కూడా రెండు పెట్టాడు. అబుదాబి వచ్చి మూడు నెలలు కాలేదు, పిల్ల ఇంగ్లీషులో నలభై ఏడు తెచ్చుకుంది. ఆ రోజంతా ఊరికి వీడియో కాల్సే.

ఇక బడిలో ఏం జరిగిందో చూడండి. నలభై ఏడు వచ్చిన పిల్లని ఎక్కడ కూర్చోబెడతారు? అందరికన్నా పైన ఉన్న ఫాల్కన్ గ్రూపులో. ఇంగ్లీషు రాని పిల్లలకి రూమ్ నంబర్ పన్నెండు. అక్కడ మాలతి మిస్ ఉంటుంది. తెలంగాణలో నిర్మల్ దగ్గరి మనిషి, తెలుగూ హిందీ ఇంగ్లీషూ మూడూ కలిపి పిల్లల నోట్లో ముద్దలు పెట్టినట్టు పాఠం చెబుతుంది. మొదటి మూడు వారాలూ దేవి అక్కడే కూర్చుంది. మార్కులు వచ్చిన మర్నాడే సంచీ సర్ది ఫాల్కన్లలోకి పంపారు.

రూమ్ పన్నెండులో ఎవరున్నారంటారా? జమీర్ ఉన్నాడు. ఆ అబ్బాయి అబుదాబిలోనే పుట్టాడు. వాళ్లింట్లో తిట్టుకోవడం కూడా ఇంగ్లీషులోనే. అయినా మూడేళ్లుగా రూమ్ పన్నెండులో సీనియరు. అక్కడ ఏసీ బాగా పనిచేస్తుంది, హోంవర్కు తక్కువ. సెప్టెంబరు రాగానే జమీర్‌కి ఇంగ్లీషు మరుపు వస్తుంది. ఫిబ్రవరిలో గుర్తొస్తుంది. రెండు నుంచి నలభై ఆరుకి! ఏటా! అలాంటి గ్రాఫు ఇచ్చే పిల్లవాణ్ణి ఏ బడి వదులుకుంటుంది? రిసెప్షన్‌లో తగిలించిన గీత వాడిదే.

ఫాల్కన్ గ్రూపులో చర్చలు జరుగుతాయి. ప్లాస్టిక్‌ను నిషేధించాలా వద్దా అన్నది మొదటి చర్చ. నిషేధించాలని అంటావా అని దేవిని అడిగారు. "యెస్ మిస్" అంది. వద్దంటావా అని అడిగారు. "యెస్ మిస్." రెండు వైపులా ఆలోచించగల పిల్ల అని టీచరు రిపోర్టులో రాసింది. అసెంబ్లీలో సౌరవిద్యుత్తు మీద ఐదు నిమిషాలు మాట్లాడతావా అని అడిగారు. "యెస్ మిస్." ఇంటికి కాగితం వచ్చింది, రమీజ్ ప్రసంగం రాశాడు, తల్లి అప్పజెప్పించుకుంది, పిల్ల దంచేసింది. చప్పట్లు! గోతిలో పడ్డ పిల్ల మీద మరో గంప మట్టి పోశారని అప్పటికి ఎవరికి తెలుసు?

నవంబరులో వీరదుర్గకి ఒక సంగతి తట్టింది. దేవి లంచ్ బాక్సు నిండుగా తిరిగొస్తోంది. మొదట కూర నచ్చలేదేమో అనుకుంది. బంగాళదుంప వేపుడు పెట్టినా అంతే, పులిహోర పెట్టినా అంతే. ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

"మిస్ ఏదో చెబుతుందమ్మా," అంది దేవి. "కొంతమంది లేచి తినడానికి వెళతారు, కొంతమంది రాసుకుంటారు. నన్ను ఎందులో ఉండమందో తెలీదు. అందుకని కూర్చుంటాను. వాళ్లొచ్చేసరికి బెల్లు కొడతారు."

"అడగొచ్చు కదే."

"ఎలా అడగాలి?"

వీరదుర్గ లెక్క వేసుకుంది. తొమ్మిది వారాలుగా బిడ్డ పొద్దున తాగిన పాలతో సాయంత్రం దాకా కూర్చుంటోంది. ఆ నలభై ఏడు మార్కులూ తన చేత్తో తెచ్చిపెట్టినవే. ఆ రోజు ఎవరి బ్లౌజూ కుట్టలేదు. గోడవైపు తిరిగి ఏడ్చింది.

"రూమ్ పన్నెండులో అయితే మాలతి మిస్ చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించేది, లంచ్ అని," అంది దేవి తల్లి వీపు నిమురుతూ. "నన్ను మళ్లీ అక్కడ కూర్చోబెట్టమని చెప్పమ్మా."

ఆ ఇంటికి ఆ క్షణం నుంచి ఒకటే కోరిక. దేవిని రూమ్ పన్నెండులో కూర్చోబెట్టాలి. చిన్న కోరికే కదా అనుకుంటున్నారా? అనుకోండి.

మర్నాడు వీరదుర్గ బడికి వెళ్లింది. ఆమెను శ్యాంప్రసాద్ దగ్గరికి పంపారు. విజయవాడ మనిషి. ప్రోగ్రెస్ కోఆర్డినేటర్ అని తలుపు మీద రాసి ఉంది. పాఠాలు చెప్పడు. పిల్లలు ఎదుగుతుంటే కంప్యూటర్లో చూస్తుంటాడు.

"సార్, మా అమ్మాయికి ఇంగ్లీషు రాదండి."

శ్యాంప్రసాద్ కంప్యూటర్లో చూశాడు. "వచ్చు మేడమ్. ఫార్టీ సెవెన్."

"అది బట్టీ అండి. పాత పేపరు తెచ్చి నేనే పట్టించాను."

"లేదు మేడమ్. ప్రిపేర్ చేయొద్దని మేం సర్క్యులర్ ఇచ్చాం. ఇచ్చాం కాబట్టి ఎవరూ ప్రిపేర్ చేసి ఉండరు. ఎవరూ చేయలేదు కాబట్టి మార్కులు కరెక్ట్."

"పోనీ ఫెయిల్ చేసెయ్యండి సార్. మీకు దణ్ణం పెడతాను."

లోకం పుట్టాక ఒక తెలుగు తల్లి నోట ఈ మాట రావడం అదే మొదలు. శ్యాంప్రసాద్ అది గమనించలేదు.

"బేస్‌లైన్‌లో ఫెయిల్ ఉండదు మేడమ్."

"పోనీ ఇప్పుడు పిలిచి మీరే ఒక ప్రశ్న అడిగి చూడండి. తెలిసిపోద్ది."

"అలా అడగకూడదు. డేటా మారిపోతుంది." అతను కుర్చీ దగ్గరికి లాక్కుని ఓపిగ్గా చెప్పాడు. "రూమ్ ట్వెల్వ్ యావరేజ్ ఆరు. మీ పాపని అందులో వేస్తే ఒక్క రోజులో తొమ్మిదికి చేరుద్ది. స్టార్టింగే పైకి పోతే ఇంక ప్రోగ్రెస్ ఏం చూపిస్తాం? పోనీ వేశామనుకోండి, ఫిబ్రవరిలో పాప నిజంగా టెస్ట్ రాస్తే ఎంతొస్తుందంటారు?"

"సున్నా అండి."

"చూశారా. ఫార్టీ సెవెన్ నుంచి జీరోకి. మన బడికి అంత చెడ్డపేరు ఎందుకు మేడమ్?"

"అంటే ఇంగ్లీషు రాదని మీరూ ఒప్పుకుంటున్నారు కదండీ."

"ఒప్పుకోవడం వేరు, ఎంట్రీ చేయడం వేరు," అన్నాడు శ్యాంప్రసాద్. చెడ్డవాడు కాదు. వెళ్లేటప్పుడు వాటర్ బాటిల్ కూడా ఇచ్చాడు.

వరండాలో మాలతి మిస్ ఎదురైంది. సంగతంతా ఆమెకి ముందే తెలుసు.

"అక్కా, పిల్లని నా పక్కన కూసోబెట్టుకోనీకి నాకేం కష్టం," అంది మెల్లగా. "నా రూముల ఉన్న పద్నాలుగు మందిల సగం మందికి నాకన్న మంచిగ ఇంగ్లీష్ వస్తది. గని నా లిస్టుల పేరు లేని పిల్ల రూముల కనవడితె నన్ను అడుగుతరు. ఒక పని చెయ్. ఫిబ్రవరిల ఇన్‌స్పెక్షన్ ఉంది. పేరెంట్స్‌తోని మీటింగ్ పెడతరు. ఇన్‌స్పెక్టర్ మేడంకే సీదా చెప్పు. ఆమె అంటే సార్ కాదనలేడు."

వీరదుర్గకి ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ ఇన్‌స్పెక్షన్ గురించి రెండు మంచి మాటలు చెప్పుకోవాలి. దాన్ని పీడ అనుకునేవాళ్లు కళ్లు లేనివాళ్లు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే బడికి రంగు పడుతుంది. రెండేళ్లుగా కనబడని లైబ్రరీ తాళంచెవి దొరుకుతుంది. ఖాళీ అక్వేరియంలోకి చేపలొస్తాయి, వాటికి పేర్లు కూడా పెడతారు. పీటీ సార్ నవ్వుతాడు. బాత్‌రూము తలుపులకి గొళ్లాలు మొలుస్తాయి. ఇన్ని వరాలిచ్చే ఇన్‌స్పెక్షన్ ఏడాదికి ఒక్కసారేనా? అన్యాయం కాదూ? రోజూ జరగాలి. ఇన్‌స్పెక్టర్లు బడిలోనే కాపురం పెట్టాలి. కనీసం చేపలైనా బతుకుతాయి.

ఫిబ్రవరి మొదట్లో శ్యాంప్రసాద్ ఫోను చేశాడు. మీటింగుకి ఎనిమిది మంది తల్లిదండ్రుల్ని ఎంపిక చేశారట. అందులో వీరదుర్గ ఒకరు. తెలుగు మీడియం నుంచి వచ్చి నలభై ఏడు తెచ్చుకున్న పిల్ల తల్లి కాదూ? ఏం మాట్లాడాలో రిహార్సల్‌లో చెబుతామన్నాడు. రిహార్సల్‌లో అందరి చేతా ఒకే వాక్యం వల్లె వేయించారు. పిల్లల ప్రోగ్రెస్ చూసి మేమెంతో సంతోషిస్తున్నాం అని దాని అర్థం. వీరదుర్గ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, సరాసరి బకాలా కొట్టుకి వెళ్లింది.

"రమీజూ, నాకో వాక్యం కావాలి. మా పాపకి ఇంగ్లీషు రాదు, పన్నెండో రూములో వెయ్యండి అని. అంతే."

"అంత పొట్టిగా చెప్తే ఎవురు ఇంటారక్కా?" అన్నాడు రమీజ్. "పెద్ద ఆఫీసరు ముందర పద్ధతిగా చెప్పల్ల. నాకు ఇడిసిపెట్టు, నేను రాస్తా."

బీకాంలో నేర్చుకున్నదంతా ఆ రోజు బయటికి తీశాడు. తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు. రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్, ఐ బెగ్ టు స్టేట్ దట్ మై డాటర్ దేవి ఈజ్ నాట్ నోయింగ్ ఎనీ ఇంగ్లిష్ వాట్సోఎవర్. ఐ దేర్‌ఫోర్ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు కైండ్లీ అకామడేట్ హర్ ఇన్ రూమ్ నంబర్ ట్వెల్వ్ అండ్ ఆబ్లైజ్.

"ఖలాస్," అన్నాడు పెన్ను మూత పెడుతూ. "దీనికి కూడా సీటు ఇయ్యకపోతే నా డిగ్రీ చింపేస్తా."

ఈసారి మిషను తొక్కుతూ వల్లె వేసింది తల్లి, అప్పజెప్పించుకుంది కూతురు. రెండు వారాలు అదే పని. "సబ్మిషన్" దగ్గర తడబడితే దేవి మొదటి నుంచి చెప్పించేది. కనికరం లేదు. ఎవరి దగ్గర నేర్చుకుంటుంది మరి?

మీటింగు రోజు వచ్చింది. బడివాళ్లెవరూ గదిలో ఉండకూడదని రూలు. తల్లిదండ్రులు స్వేచ్ఛగా మాట్లాడాలి కదా. బల్లకి అటు ఒక ఇన్‌స్పెక్టర్ మేడమ్, పెద్ద కళ్లజోడు, దయగల ముఖం. ఇటు ఎనిమిది మంది. స్వేచ్ఛ అయితే గది నిండా ఉంది. వీరదుర్గకి భాష ఒక్కటే తక్కువైంది.

ఏడుగురూ ఎంతో సంతోషిస్తున్నామని చెప్పేశారు. వీరదుర్గ వంతు వచ్చింది. లేచి నిలబడింది. చీర కొంగు నిండుగా కప్పుకుంది. కళ్లు మూసుకుని, ఊపిరి ఒక్కటే తీసుకుని, రెస్పెక్టెడ్ మేడమ్ దగ్గర మొదలెట్టి ఆబ్లైజ్ దాకా ఒక్క అక్షరం జారకుండా చెప్పింది. బిడ్డ ఆకలి గురించి చెబుతున్న గొంతు అది. 

ఇన్‌స్పెక్టర్ మేడమ్ పెన్ను కింద పెట్టి ఆమెవైపు చూసింది. ఆమె అడిగినవి మన సౌకర్యం కోసం తెలుగులో రాసుకుందాం.

"ఎంత చక్కని ఇంగ్లీషు! ఎంత వినయం! మీరు ఇంత బాగా మాట్లాడుతూ మీ పాపకి ఏమీ రాదంటున్నారా? ఇంట్లో ఆమెకి మీరే నేర్పుతారా?"

వీరదుర్గకి తెలిసిన వాక్యాలు అయిపోయాయి. పెద్దావిడ నవ్వుతూ అడుగుతోంది కాబట్టి మంచి ప్రశ్నే అయుంటుంది.

"యెస్ మేడమ్."

"అంటే రాదన్నది వినయానికే అన్నారు, ఇప్పుడు చెప్పేది ఆమెకి చాలడం లేదు, ఇంకా పై స్థాయి పాఠాలు కావాలంటారు. అంతేనా?"

"యెస్ మేడమ్."

"మొత్తం మీద బడితో తృప్తిగానే ఉన్నారు కదా?"

"యెస్ మేడమ్."

ఇన్‌స్పెక్టర్ మేడమ్ పని దొంగ కాదు. ఎందుకైనా మంచిదని, తల్లి మాట సరిచూసుకోవడానికి ఫాల్కన్ క్లాసుకి స్వయంగా వెళ్లింది. దేవి పక్కన వంగి, నీ స్నేహితురాలు ఎవరమ్మా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం దేవికి జవాబు తెలుసు. సారా దగ్గర మొదలెట్టి, ఈత మీదుగా, కుక్క దాకా వెళ్లి ఆగింది. మేడమ్‌కి ఇంకేం సందేహం లేకపోయింది. ఎవరినైనా ఇంతకన్నా ఎలా పరీక్షిస్తాం చెప్పండి?

ఆ రోజు వీరదుర్గ ఇంటికి గాల్లో తేలుతూ వచ్చింది. "చెప్పేశానే," అంది దేవిని ఒళ్లోకి లాక్కుని. "ఆవిడ నవ్వుతా వింది. పెన్ను కింద పెట్టి మరీ వింది. అంత పెద్దావిడ అలా విన్నాక పని అవ్వకుండా ఉంటదా?"

"నేను కూడా బాగా చెప్పానమ్మా," అంది దేవి.

మార్చిలో రిపోర్టు వచ్చింది. బడికి ఒక మెట్టు పైన రేటింగ్ ఇచ్చారు. తల్లిదండ్రుల ఇంగ్లీషు స్థాయి ఆశ్చర్యపరిచిందని ఒక పేరా. ఇళ్లలో చక్కని భాషా వాతావరణం ఉందని ఇంకో పేరా. రూమ్ నంబర్ పన్నెండు పిల్లల ఎదుగుదల అమోఘమట. ఆరు నుంచి నలభై నాలుగుకి! జమీర్ గీత కాగితం అంచు దాటి పోయింది. శ్యాంప్రసాద్ అందరికీ బిర్యానీ పెట్టించాడు.

ఆ తర్వాతి శుక్రవారం దేవి సంచీలో ఒక ఉత్తరం తెచ్చింది. సంతకం ఎక్కడ పెట్టించాలో టీచరు వేలుతో చూపించి పంపింది. సత్యప్రసాద్ ఇంకా డ్యూటీలో ఉన్నాడు. రమీజ్ నమాజుకి కొట్టు మూసి వెళ్లాడు. వీరదుర్గ ఆగలేకపోయింది. నెల రోజులుగా ఎదురుచూస్తున్న జవాబు కదా.

"నువ్వే చదువు."

దేవి నిలబడి చదివింది. ఐదు నెలలు ఫాల్కన్లతో కలిసి పైకి చదివీ చదివీ పిల్లకి నోరు తిరిగింది. ఒక్క మాట దగ్గర తడబడలేదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వీరదుర్గ మిషను మీద చెయ్యి ఆనించి, కళ్లప్పగించి వింది. తన కడుపున పుట్టిన పిల్లేనా అనిపించింది.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇది. మీ కుమార్తె దేవికి ఇంగ్లీషులో ఇకపై ఎలాంటి అదనపు సహాయమూ అవసరం లేదని నిర్ధారించడమైనది. అనుకున్న లక్ష్యాలు పూర్తిగా నెరవేరినందున రూమ్ నంబర్ పన్నెండును సోమవారం నుంచి మూసివేసి, ఆ గదిలో గ్రాఫుల ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాం. మాలతి మిస్ ఇకపై లైబ్రరీలో ఉంటారు.

"ఇందాక రూమ్ నంబర్ ట్వెల్వ్ అన్నావు కదూ?" అంది వీరదుర్గ.

"ఊఁ."

"నీ పేరు కూడా ఉంది?"

"ఉందమ్మా. మాలతి మిస్ పేరు కూడా ఉంది. మండే అని ఉంది."

"మరింకేంటే, వేసేశారు," అంది వీరదుర్గ. దేవిని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పెన్ను కోసం వెతికింది. బ్లౌజుల కొలతలు రాసుకునే పెన్ను దొరికింది.

సంతకం పెట్టే చోట చుక్కల గీత ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, పై విషయాన్ని చదివి అర్థం చేసుకున్నాం అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. చదివింది దేవి. సంతకం పెట్టింది వీరదుర్గ. అర్థం చేసుకోవడం ఎవరి పనో ఆ కాగితంలో ఎక్కడా రాసి లేదు.